ఇర్వింగ్ మెక్సికన్ రెస్టారెంట్లో భీమవరం మావయ్యగారు

డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వెళ్లే తెలుగువాళ్లం ఎక్కువగా లాస్ కొలీనాస్, వ్యాలీ రాంచ్ వైపే తిరుగుతాం. చుట్టాలుండేది అక్కడే, బిర్యానీ దొరికేదీ అక్కడే. 183 హైవే దాటి దక్షిణానికి వెళ్తే ఊరు మారిపోతుంది. షాపుల బోర్డులు స్పానిష్‌లో ఉంటాయి. చేపలు, రొయ్యలు ఇష్టపడేవాళ్లు ఆ వైపు తప్పకుండా వెళ్లాలి. బోర్డు మీద ‘మారిస్కోస్’ అని రాసి, పక్కన ఓ రొయ్య బొమ్మ ఉంటే అది మెక్సికన్ సీఫుడ్ రెస్టారెంట్. అలాంటి ఒక చిన్న చోట మేం తిన్న భోజనం గురించే ఇది.

మేం ఉండేది తుల్సాలో. అత్తయ్యగారు, మావయ్యగారు భీమవరం నుంచి వచ్చారని వీకెండ్‌కి కారులో బయల్దేరాం. బస లాస్ కొలీనాస్‌లో, గదిలోనే చిన్న వంటగది ఉన్న హోటల్. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు ఎక్కువగా దిగే ప్రాంతం కాబట్టి వీకెండ్‌లో రేటు బాగా తగ్గింది. పొద్దున్నే అత్తయ్యగారికి తన చేతి కాఫీ దొరికింది, మాకు అదే పెద్ద సుఖం. గాంధీగారి విగ్రహం, ఏక్తా మందిర్ చూసుకుని, సాయంత్రం దక్షిణం వైపు వెళ్లాం.

రెస్టారెంట్ ఒక స్ట్రిప్ మాల్‌లో లాండ్రీ పక్కన ఉంది. పదో పన్నెండో టేబుళ్లు, గోడ మీద టీవీలో ఫుట్‌బాల్, పైన స్పీకర్లలో బ్యాండు పాటలు. ఆ సౌండుకి మావయ్యగారితో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. మెనూ అంతా స్పానిష్‌లో ఉన్నా ఫొటోలున్నాయి. ఆర్డర్ తీసుకునే అమ్మాయి ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతూ ప్రతి వంటకంలో ఏముందో ఓపిగ్గా చెప్పింది.

ఇక్కడ టాకోలు, బురిటోలు అడగొద్దు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. అడగాల్సింది అగ్వాచీలే. మెక్సికో పసిఫిక్ తీరంలోని సినలోవా రాష్ట్రం వంటకం ఇది. పచ్చి రొయ్యని ఒలిచి, వీపు మీద చీల్చి పరుస్తారు. నిమ్మరసంలో పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి రుబ్బి ఆ రసాన్ని పైన పోస్తారు. కీర ముక్కలు, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లి వేసి వెంటనే తెచ్చేస్తారు. సెవిచే అనే ఇలాంటి వంటకంలో రొయ్య నిమ్మరసంలో చాలాసేపు నానుతుంది, ఇందులో కొద్ది నిమిషాలే. అందుకే అంచులు తెల్లబడినా మధ్యలో బూడిద రంగు ఇంకా పోదు. టోస్టాడా అనే వేయించిన మొక్కజొన్న రొట్టె మీద పెట్టుకుని కొరికితే ముందు పులుపు, ఆ వెనకే కారం, చివర్న రొయ్య తియ్యదనం. నూనె లేదు, మసాలా లేదు. రొయ్యలో ఏ లోపమున్నా దాచే వీల్లేదు. నా దృష్టిలో సీఫుడ్ రెస్టారెంట్‌కి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు.

మావయ్యగారు ఏళ్ల తరబడి రొయ్యల చెరువులు చేసినవారు. ఒక రొయ్యని ఫోర్కుతో నొక్కి, తోక రంగు చూసి, "వనామీయే అమ్మాయ్. నలభై కౌంట్ ఉంటుంది. నీరు ఊరట్లేదు, మందు నీళ్లలో నానబెట్టింది కాదు" అన్నారు. వనామీ అంటే మన చెరువుల్లో పెంచే రొయ్య రకం, కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. బరువు పెరగడానికి ఫాస్ఫేట్ నీళ్లలో నానబెట్టిన రొయ్య జారిపోతూ రబ్బరులా సాగుతుంది. ఇది పుటుక్కున తెగింది.

ఆ ప్లేటులో నాకు ఎంతో నచ్చిన సంగతి ఇంకొకటుంది. వనామీ పుట్టిల్లు మెక్సికో పసిఫిక్ తీరమే. మెక్సికోలోని సొనోరా రాష్ట్రం నుంచి పెరూ ఉత్తరం దాకా సముద్రంలో సహజంగా పెరిగే రొయ్య అది. మన దగ్గర టైగర్ రొయ్య తెల్లమచ్చ వైరస్‌తో దెబ్బ మీద దెబ్బ తిన్నాక, 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చింది. ఇవాళ దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో పెద్ద వాటా మన దేశానిది. అందుకే ఇవి ఎక్కడివో కనుక్కోమని మావయ్యగారు పట్టుబట్టారు. ఆ అమ్మాయి విసుక్కోకుండా వంటగదిలోకి వెళ్లి, పెట్టె మీద ఈక్వెడార్ అని ఉందని చెప్పింది. ఇక అక్కణ్ణుంచి మావయ్యగారు ఈక్వెడార్‌లో చెరువులో రొయ్యపిల్ల ఎంత పల్చగా వేస్తారో, వాళ్ల సరుకు పెరిగితే భీమవరంలో రేటు ఎలా పడిపోతుందో మాకు వివరిస్తూనే ఉన్నారు. నిజానికి ఆ భోజనంలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నిమ్మరసం రొయ్యని గట్టిపరుస్తుంది గానీ నిప్పు చంపినట్టు సూక్ష్మక్రిముల్ని చంపదు. గర్భిణులు, పెద్దవయసువాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు పచ్చివి తినకూడదు. మావయ్యగారిని వద్దన్నా వినకుండా రెండు ముక్కలు తిన్నారు. అత్తయ్యగారి కోసం ఉడికించిన రొయ్యతో చేస్తారా అని అడిగితే చేసిచ్చారు, అదీ బాగానే ఉంది.

మొహర్రా ఫ్రీతా అంటే గాట్లు పెట్టి మొత్తంగా వేయించిన చేప. ఇక్కడ అది తిలాపియా. తోక, రెక్కలు కరకరలాడాయి, లోపల తడి ఆరలేదు. పక్కన అన్నం, బీన్స్, సలాడ్, టోర్టియాలనే పల్చటి మొక్కజొన్న రొట్టెలు. చేతులతో తినడానికి మొహమాటపడక్కర్లేదు, చుట్టూ అందరూ అలాగే తింటున్నారు. అత్తయ్యగారు తలకాయ కూడా వదల్లేదు.

చేప, రొయ్య, ఆక్టోపస్, పీత కాలు వేసిన సూప్ మీద ఆశ పెట్టుకున్నాం గానీ గోరువెచ్చగా వచ్చింది. చెబితే మళ్లీ వేడి చేసి తెచ్చారు, అప్పటికి ఆక్టోపస్ గట్టిపడింది. పొడవాటి గ్లాసులో చల్లగా ఇచ్చే రొయ్యల కాక్‌టెయిల్ మా ఎవరికీ నచ్చలేదు. టమాటా కెచప్ తీపి రొయ్యని మింగేసింది. మెక్సికన్లకు అది ఎంతో ఇష్టమైన వంటకం, పక్క టేబుల్ వాళ్లు సాల్ట్ బిస్కెట్లతో ఆనందంగా తిన్నారు.

తాగడానికి అగ్వా దె హమైకా తీసుకోండి. ఎర్ర గోంగూర కాయల మీదుండే కండగల రేకుల్ని ఎండబెట్టి, నీళ్లలో మరిగించి, పంచదార కలిపి చల్లార్చిన పానీయం. తీపి తక్కువ వేయమంటే ఆ పులుపు బాగా తెలుస్తుంది.

ఇక సర్వీసు. మేం వెళ్లింది మార్చిలో ఒక శుక్రవారం. ఈస్టర్ ముందు లెంట్ రోజుల్లో క్యాథలిక్కులు శుక్రవారం మాంసం మాని చేపలు, రొయ్యలు తింటారు కాబట్టి ఈ రెస్టారెంట్లు కిక్కిరిసిపోతాయి. టేబుల్ కోసం చాలాసేపు నిలబడ్డాం, టోర్టియాలు రెండుసార్లు గుర్తుచేస్తే గానీ రాలేదు. ఆ ఒక్క అమ్మాయే సగం హాలు చూసుకుంటోంది, అందుకే టిప్పు దగ్గర వెనకాడలేదు. క్రెడిట్ కార్డు మీద అదనపు ఛార్జీ ఉందన్న మాట మాత్రం బిల్లు వచ్చాకే తెలిసింది. అది గుమ్మం దగ్గరే రాసిపెట్టాలి. నలుగురం కడుపునిండా తిన్నాం, టిప్పుతో కలిపి వంద డాలర్లు దాటింది. సూప్, కాక్‌టెయిల్ వదిలేసి ఒక అగ్వాచీలే, రెండు చేపలు చెప్పుకుంటే అందులో మూడింట రెండొంతుల్లో అయిపోతుంది. నగదు తీసుకెళ్లండి. వీలైతే మంగళ, బుధవారాల మధ్యాహ్నం చూసుకుని వెళ్లండి.