చిన్న ఆఫీసుకి సొంత సర్వర్: ఫ్రీడమ్‌బాక్స్ వాడి చూశాక

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు అండి, ఐటీ రిటర్నులు, జీఎస్టీ ఇవే పనులు. వచ్చేవాళ్ళ పాన్ కార్డు, ఆధార్ జిరాక్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, పొలం కాగితాలు అన్నీ మా చేతిలోనే ఉంటాయి, అవి ఎవరివో క్లౌడ్ అకౌంట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తిరగటం నాకు ఎప్పుడూ నచ్చలా. అందుకే ఆఫీసులోనే ఒక కంప్యూటర్‌ని సొంత సర్వర్‌గా మార్చే ఫ్రీడమ్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాం, పోయిన రిటర్నుల సీజన్ మొత్తం దాని మీదే నడిచింది. మా లాంటి ఆఫీసులకి పనికొచ్చిద్దా అంటే, ఫైళ్ళకి, క్యాలెండర్‌కి, స్టాఫ్ చాటింగ్‌కి కచ్చితంగా పనికొచ్చిద్ది. మెయిల్ సర్వర్‌గా మాత్రం వద్దు.

ఇది కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. 2010లో ఎబెన్ మోగ్లెన్ అనే లా ప్రొఫెసర్ న్యూయార్క్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, మన సమాచారమంతా పెద్ద కంపెనీల సర్వర్లలో ఎందుకుండాలి, చిన్న సర్వర్ ఎవరింట్లో వాళ్ళే పెట్టుకోవచ్చుగా అన్న ఆలోచన ముందుకు తెచ్చాడు, మరుసటేడు ఫౌండేషన్ పెట్టారు. డబ్బులు కట్టక్కర్లేదు, కోడ్ అంతా బయటే ఉంటది. అన్నిటికంటే నాకు నచ్చింది, ఇది డెబియన్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఒక భాగం, యాప్‌లు కూడా చాలావరకు డెబియన్ నుంచే వస్తాయి కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడిపోతాయి. యునోహోస్ట్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంది, అందులో యాప్‌లు చాలా ఎక్కువ, రకరకాలవి కావాలంటే అది చూడండి. నాకు మాత్రం కదలకుండా నడిచేదే ముఖ్యం.

ప్రత్యేకంగా బాక్సు కొనాల్సిన పన్లేదు. ఇంట్లో పక్కన పడేసిన పాత లాప్‌టాప్ చాలు, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ అయినా నడిచిద్ది కానీ నేను లాప్‌టాపే అంటాను, ఎందుకంటే బ్యాటరీ మంచిగా ఉంటే కరెంటు పోయినా సర్వర్ ఆగదు, ఎండాకాలం మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా. రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్‌లో పెట్టుకోండి. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా డిస్క్ చదవటం కుదరకుండా చేసేది) ఆన్ చేయటం మర్చిపోవద్దు, లాప్‌టాప్ దొంగతనం అయినా లోపల కాగితాలు ఎవరికీ కనపడవు. కాకపోతే మెషీన్ పూర్తిగా ఆగి మళ్ళీ ఆన్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు దగ్గరుండి పాస్‌వర్డ్ కొట్టాలి. తర్వాత ఫ్రీడమ్‌బాక్స్ ప్యాకేజీ ఒక్కటి వేస్తే చాలు, మిగతాదంతా బ్రౌజర్‌లోనే. తెలుగు కూడా పెట్టుకోవచ్చు కానీ అన్నీ అనువాదం కాలా, మధ్య మధ్యలో ఇంగ్లీషు వచ్చిద్ది.

మేం ఎక్కువ వాడేవి కొన్నే. ఆఫీసు కంప్యూటర్లన్నీ కలిపి వాడుకునే ఫోల్డర్లకి సాంబా, గడువు తేదీలకి రాడికేల్ అనే క్యాలెండర్ యాప్, ఫోన్‌లో దాన్ని డేవ్‌ఎక్స్5 యాప్‌తో కలుపుకుంటాం, అది ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లో ఫ్రీ, ప్లే స్టోర్‌లో అయితే డబ్బులు. జీఎస్టీ తేదీ ఒకళ్ళు మారిస్తే అందరి ఫోన్లలో మారిపోయిద్ది. స్కాన్ చేసిన కాగితాలు ఫోన్ నుంచి సర్వర్‌కి సింక్‌థింగ్ పంపిద్ది, దాని అసలు ఆండ్రాయిడ్ యాప్‌ని 2024 చివర్లో ఆపేశారు, ఇప్పుడు ఫోర్క్, అంటే అదే కోడ్‌తో వేరేవాళ్ళు నడిపే యాప్, వాడుకోవాలి. ఒకే పాస్‌వర్డ్ చాలా యాప్‌లకి సరిపోయిద్ది, అన్నిటికీ కాదు, స్టాఫ్‌కి అది మొదట్లో చిరాకే.

అసలు ఇబ్బంది ఇంటర్నెట్ లైన్ దగ్గర. మన ఊళ్ళల్లో చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకి సొంత ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన చిరునామా) ఉండదు, ఒకే అడ్రస్‌ని ఎంతోమందికి కలిపి ఇస్తారు, దాన్ని సీజీ-నాట్ అంటారు. లోపల్నుంచి బయటికి వెళ్ళొచ్చు కానీ బయటినుంచి మీ బాక్సుకి ఎవరూ రాలేరు, రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటినుంచి వచ్చేవాళ్ళని బాక్సుకి పంపే సెట్టింగ్) ఎంత చేసినా దండగ. రౌటర్‌లో కనిపించే వ్యాన్ ఐపీ, బయట వెబ్‌సైట్ చూపించే ఐపీ ఒకటి కాకపోతే దాదాపు ఇదే కారణం అనుకోండి. స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత అడ్రస్, అడిగితే అదనంగా డబ్బులు తీసుకుని ఇస్తారు, మేం అదే చేశాం, ఆ తర్వాత డొమైన్ కలిపితే కనెక్షన్‌ని సురక్షితం చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ దానంతటదే వచ్చింది. అది ఇష్టం లేకపోతే బయటివాళ్ళని తన సర్వర్ల మీదుగా మీ బాక్సుకి చేర్చే పేజ్‌కైట్ అనే సర్వీసు ఉంది, లేదంటే టోర్ అనే గోప్యత నెట్‌వర్క్ ఆన్ చేస్తే అందులో పనిచేసే ఆనియన్ అడ్రస్ వచ్చిద్ది, సీజీ-నాట్ వెనకున్నా టోర్ బ్రౌజర్‌లో ఓపెన్ అయిద్ది, కొంచెం స్లో. సింక్‌థింగ్‌కి ఇవేమీ అక్కర్లేదు, మధ్యలో ఉండి డేటా అందించే రిలే సర్వర్ల మీదుగా దారి అదే వెతుక్కుంటది.

మెయిల్ ఎందుకు వద్దన్నానంటే, ఇంటి కనెక్షన్లలో మెయిల్ సర్వర్లు మెయిల్ పంపుకునే పోర్ట్ 25ని తరచుగా బ్లాక్ చేసే ఉంటారు, ఒకవేళ లేకపోయినా ఇంటి ఐపీ నుంచి వచ్చిన మెయిల్‌ని పెద్ద కంపెనీలు స్పామ్‌లో పడేస్తాయి. నోటీసుకి జవాబు స్పామ్‌లోకి పోతే క్లయింట్‌కి నష్టం, అది మనం చేయకూడని పని.

మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి ఒకాయన "నా లెక్కలు ఎక్కడ పెడతారండీ?" అని అడిగితే షెల్ఫులో ఉన్న లాప్‌టాప్ చూపించా. ఆ జవాబు ఇంకే క్లౌడ్ సర్వీసుతోనూ ఇవ్వలేం. పైగా రేపు ఫ్రీడమ్‌బాక్స్ వద్దనుకున్నా మనం ఇరుక్కుపోం, క్యాలెండర్ మామూలు ఐసీఎస్ ఫైళ్ళు, కాంటాక్టులు వీసీఎఫ్ ఫైళ్ళు, కాగితాలు ఫోల్డర్లలో పీడీఎఫ్‌లు, ఎటు కావాలంటే అటు పట్టుకుపోవచ్చు. మెషీన్ మార్చేటప్పుడు యాప్ డేటా బ్యాకప్ ఒక ఫైలుగా దించుకుని కొత్తదాంట్లో ఎక్కించొచ్చు. సాంబా ఫోల్డర్లు మాత్రం ఆ బ్యాకప్‌లో వస్తాయని అనుకోవద్దు, విడిగా కాపీ తీసుకోండి. దీనికోసం ఇంకో హార్డ్‌డిస్క్ కొని, దాన్ని ఆఫీసులో కాకుండా ఇంట్లో పెట్టుకోండి, స్కాన్ కాగితాలేగా, పెద్ద సైజు అక్కర్లేదు.