ఆర్గానిక్ బాక్సా, ఆర్గానిక్ షాపా: మా ఇంటి నాలుగు నెలల లెక్క

జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే మా ఇంట్లో ఈ పంచాయితీ మొదలైంది. మా ఆయనకు షుగర్ బార్డర్‌లో ఉందని రిపోర్టు వచ్చింది. ఆఫీసులో ఎవరో చెప్పారని, వారం వారం ఇంటికి ఆర్గానిక్ కూరగాయల బాక్స్ పంపేవాళ్లకు మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టేసి వచ్చారు. షుగర్‌కీ ఆర్గానిక్‌కీ సంబంధం ఏమిటని మా డాక్టరుగారు నవ్వారు, అది వేరే సంగతి. నాకేమో స్కూలు నుంచి వచ్చే దారిలో, నిజాంపేట రోడ్డు మీదున్న ఆర్గానిక్ షాపు మూడేళ్ల అలవాటు. మా అత్తయ్యకు రెండూ పడవు. గుడివాడ దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. "వంకాయ కొనడానికి కూడా సర్టిఫికెట్ చూడాలా అమ్మాయ్?" అంటారు.

నేను లెక్కల టీచర్ని. మాటలతో తేలేది కాదని ఒక నోటుపుస్తకం తెరిచాను. సెప్టెంబరు ఆఖరు దాకా బాక్స్‌లో ఏమొచ్చింది, షాపులో ఏం కొన్నాను, తూకం ఎంత, అందులో చెత్తబుట్టలోకి ఎంత పోయింది, అన్నీ రాశాను. రెండు చోట్లా పని చేసేవాళ్లు మంచివాళ్లే కాబట్టి పేర్లు రాయడం లేదు.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. బాక్స్ వారానికి 680 రూపాయలు, ఇంటికి తెచ్చిచ్చే ఖర్చుతో కలిపి. ఎనిమిది రకాల కూరగాయలు, మూడు ఆకుకూర కట్టలు, మొత్తం ఐదు కిలోలకు అటూ ఇటూ. జూలై రెండో వారం అదే లిస్టు పట్టుకుని మా షాపులో ధరలు రాసుకుంటే 845 తేలింది. అదే లిస్టుతో కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్తే 330. అంటే బాక్స్ షాపుకన్నా చవకే, రైతుబజారుకు మాత్రం రెట్టింపు. ఈ మూడో అంకె చూశాక మా అత్తయ్య ఆ పూటంతా నాతో ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా కనిపించలేదేమో.

ఆకుకూరల దగ్గర బాక్స్‌కు తిరుగులేదు. శనివారం పొద్దున ఏడున్నరకు వచ్చే తోటకూర కట్టకు వేళ్లూ మట్టీ అలాగే ఉంటాయి. న్యూస్‌పేపర్లో చుట్టి గోనెసంచిలో పెడతారు. కడగడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ మంగళవారం దాకా వాడిపోదు. షాపులో అదే తోటకూర ప్లాస్టిక్ ట్రేలో, పైన పల్చటి కవరుతో, నీళ్లు చల్లి మెరుస్తూ ఉంటుంది. ఇంటికి తెచ్చిన మర్నాటికే కాడలు మెత్తబడతాయి. ఎప్పుడు కోసిందో ట్రే మీద రాయరు. అడిగితే కుర్రాడు "ఈ రోజే వచ్చింది మేడం" అంటాడు. వచ్చింది ఈ రోజే కావచ్చు, కోసింది ఎప్పుడో!

ఇంకో సంగతి, షాపులో పాలకూర, తోటకూర, మెంతికూర తప్ప వేరే ఆకు నాకు పెద్దగా కనపడలేదు. బాక్స్‌లో పొన్నగంటి కూర వచ్చింది, చుక్కకూర వచ్చింది, ఒక వారం గంగవాయిలి కూర వచ్చింది. మాది హనుమకొండ. నేను గంగవాయిలి అంటే మా అత్తయ్య పావిలి కూర అంటారు. పేరు మీద కాసేపు వాదించుకున్నాం, తర్వాత పప్పులో వేసుకుని ఇద్దరం తిన్నాం. ఇరవై ఏళ్లయిందట ఆవిడ ఆ కూర తిని. బాక్స్ మీద ఆవిడ కోపం ఆ రోజు కొంచెం తగ్గింది.

మళ్లీ పెరిగింది సొరకాయ వల్ల. బాక్స్‌లో మనం ఎంచుకునేది ఉండదు. బుధవారం వాట్సాప్‌లో లిస్టు పెడతారు, శనివారం అదే వస్తుంది. వానాకాలంలో తీగ కాయలు విరగకాస్తాయి కాబట్టి జూలై చివరి నుంచి వరసగా నాలుగు వారాలు సొరకాయ. చిన్నవి కావు, ఒక్కోటి కిలోన్నర. మొదటి వారం సొరకాయ పప్పు, పులుసు. రెండో వారం పెరుగు పచ్చడి, తర్వాత హల్వా. మూడో వారం మా అమ్మకు ఫోన్ చేసి అడిగి, తురిమి సర్వపిండిలో కలిపాను. అది బాగా కుదిరింది, పిల్లలు మళ్లీ అడిగారు. నాలుగో వారం కాయ పట్టుకుని పక్కింటి వదిన తలుపు కొడితే, ఆవిడ తలుపు సగమే తెరిచి "మాకూ వచ్చింది సుజాతా" అంది. వాళ్లకూ అదే బాక్స్!

పారేసిన లెక్క కూడా చెప్పాలి. మొదటి నెలలో బాక్స్‌లో వచ్చినదాంట్లో వారానికి సగటున 600 గ్రాములు పోయింది. పుచ్చు వంకాయలు, చేదు బీరకాయ, ఎవరూ తినని ముల్లంగి. బీరకాయ చిన్న ముక్క కొరికి చూసి కూర వండాలని తెలిసినా, పొద్దున హడావిడిలో ఒకసారి మర్చిపోయాను. ఆ రోజు కూరంతా పారబోశాం. షాపులో ఏరుకుంటాం కాబట్టి 150 గ్రాములు దాటలేదు. ఆగస్టులో ఒక శనివారం వానకు బండి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. గోంగూర అప్పటికే నల్లబడిపోయింది. ఫోటో పంపితే డబ్బు వెనక్కి ఇవ్వలేదు, వచ్చే నెల లెక్కలో తగ్గిస్తామన్నారు. తగ్గించారు, రెండుసార్లు గుర్తు చేశాక.

ఇక అసలు విషయం, నమ్మకం. ఈ బాక్స్ వాళ్లు నెలకో ఆదివారం పొలం చూడటానికి రమ్మంటారు. ఆగస్టు చివర మేం నలుగురం చేవెళ్ల దాటి వెళ్లాం. రెండెకరాల తోట. గట్ల మీద బంతి మొక్కలు, మధ్యమధ్యలో పసుపు రంగు జిగురు అట్టలు, వాటికి అంటుకుని చచ్చిన తెల్లదోమ. చెట్టు కింద 200 లీటర్ల డ్రమ్ములో పంటకు పోసే జీవామృతం. పది కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, మిగతాది నీళ్లు. రెండు రోజులు నీడలో ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో కలుపుతారట. మా చిన్నోడు ఆ కర్ర పట్టుకుని వదల్లేదు.

పక్క చేను పత్తి. అటు మందు కొట్టినప్పుడు గాలికి ఇటు వస్తుంది కదా అని అడిగాను. ఆ రైతు దాచలేదు. "అందుకే ఆ దిక్కు నాలుగు సాళ్లు జొన్న ఏసినం మేడం. అది అమ్మం, పశువులకేస్తం" అన్నాడు. సర్టిఫికెట్ ఉందా అంటే, "ఇది రెండో ఏడు, ఇంకా రాలే" అన్నాడు. నిజమే, నిన్నటిదాకా మందులు వాడిన భూమి వెంటనే ఆర్గానిక్ అయిపోదు. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఏడాదిలోపు చేతికొచ్చే పంటలకు కనీసం రెండేళ్లు, పండ్ల తోటల్లాంటివాటికి మూడేళ్లు మారే కాలం ఉంటుంది. చుట్టుపక్కల రైతులే గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతిలో కూడా, మారే దశలో ఉన్న పంటకు పీజీఎస్ గ్రీన్ అనే వేరే గుర్తు ఇస్తారు. కాబట్టి ఆ రైతు చెప్పింది సరైన మాటే. నాకు కోపం వచ్చింది బాక్స్ వాళ్ల మీద, ఎందుకంటే వాళ్ల సంచి మీద "100% ఆర్గానిక్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. రైతు నిజం చెప్తుంటే సంచి అబద్ధం చెప్పడమేంటి? అదే మెసేజ్ పెట్టాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. తమతో ఉన్న పద్నాలుగు మంది రైతుల్లో ఐదుగురికే ఆ మారే కాలం పూర్తయిందని ఒప్పుకున్నారు. అప్పటి నుంచి బాక్స్‌లో ఒక చీటీ పెడుతున్నారు, ఏ కూర ఏ ఊరిది, ఏ దశలో ఉన్నదని. సంచి మాత్రం అదే. పాత స్టాకు అయిపోయాక మారుస్తారట.

షాపులో ఇలా అడగడానికి మనిషే లేడు. కూరగాయల అర మీద "ఆర్గానిక్" అని బోర్డు, పక్కనే "నాటు" అని ఇంకో బోర్డు. చాలామంది రెండూ ఒకటే అనుకుని తీసుకెళ్లడం నేను చూశాను. నాటు అంటే విత్తనం సంగతి, ఆర్గానిక్ అంటే సాగు సంగతి. నాటు టమాటాకు యూరియా వేసి పండించొచ్చు, హైబ్రిడ్ టమాటాను పేడ ఎరువుతో పండించొచ్చు. ఏ పొలం నుంచి వచ్చాయని అడిగితే కుర్రాడు పైన బోర్డు చూపించాడు. అక్కడే ఒక అరలో ఆర్గానిక్ ఉప్పు కూడా ఉంది. ఉప్పు పొలంలో పండదు కదా బాబూ అంటే వాడికి నవ్వొచ్చింది, కానీ మేనేజరు వైపు చూసి ఆపుకున్నాడు.

కానీ పప్పులూ పిండ్లూ దగ్గర షాపుదే పైచేయి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ జైవిక్ భారత్ గుర్తు, ధ్రువీకరించిన సంస్థ పేరు, ప్యాక్ చేసిన తేదీ, అన్నీ అచ్చులో ఉన్నాయి. 2017లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్గానిక్ ఆహారానికి నిబంధనలు తెచ్చినప్పటి గుర్తు అది. "నేచురల్", "ఫార్మ్ ఫ్రెష్" అని రాసినవాటి మీద ఆ గుర్తు ఉందో లేదో నేను విడిగా చూసేదాన్ని. కందిపప్పు కిలో 240 పెట్టి కొన్నాను, బయట అప్పుడు 160 ఉంది. పాలిష్ లేని పప్పు, అక్కడక్కడ ఎర్ర పొట్టు, మెరుపు లేదు. కుక్కర్లో ఒక కూత ఎక్కువ అడుగుతుంది కానీ కమ్మగా ఉంది. ఈ ఒక్కదానికి మా అత్తయ్య కూడా సరే అన్నారు. పప్పు రాగానే కొంచెం ఆముదం రాసి ఎండలో పెట్టి డబ్బాకు ఎత్తేశారు, ముక్కపురుగు పట్టకుండా. నేను ఎండలో పెట్టని రాగిపిండికి పదిహేను రోజుల్లో పురుగు పట్టింది. షాపుకు తీసుకెళ్తే బిల్లు కూడా అడగకుండా కొత్తది ఇచ్చారు. బాక్స్ వాళ్లయితే ముందు ఫోటో అడిగేవాళ్లు!

బాక్స్ వాళ్లు కూడా పప్పులు అమ్మడం మొదలుపెట్టారు. ఒకసారి పెసరపప్పు తెప్పించాను. తెల్ల కవరు, చేత్తో రాసిన చీటీ, తేదీ లేదు. మళ్లీ తెప్పించలేదు. బెల్లం మాత్రం వాళ్ల దగ్గరే బాగుంటుంది, ముదురు రంగులో, కొంచెం ఉప్పదనంతో. పసుపుపచ్చగా తళతళలాడే బెల్లానికి రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని తెలిసినప్పటి నుంచి మేం ఆ రంగు జోలికి పోవడం లేదు.

రుచి గురించి అడిగితే నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆకుకూరల్లో, దోసకాయలో, కందిపప్పులో తేడా తెలిసింది. ఉల్లిపాయ, బంగాళాదుంప, క్యాబేజీలో నాకైతే ఏమీ తెలియలేదు. ఒక ఆదివారం ఇంట్లో వాళ్లకు చెప్పకుండా రైతుబజారు దొండకాయలు, బాక్స్ దొండకాయలు విడివిడిగా వేయించి పెట్టాను. మా ఆయన రైతుబజారువి తిని, "చూశావా, ఆర్గానిక్ అంటే ఆ రుచే వేరు" అన్నారు. నేనేమీ అనలేదు. ఇది చదివితే తెలుస్తుంది ఆయనకు.

మూడు నెలలు అయిపోయాక మళ్లీ కట్టాలా వద్దా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ప్రస్తుతానికి బాక్స్ రెండు వారాలకోసారి వస్తోంది. పప్పులు, పిండ్లు, నూనె షాపులో. ఉల్లి, బంగాళాదుంప, టమాటా రైతుబజారులో అత్తయ్య తెస్తారు, బేరమాడి, మా మాట వినకుండా. నెల ఖర్చు మునుపటికన్నా 900 పెరిగింది. ఇద్దరు పిల్లలతో మొత్తం ఐదుగురం, ఇద్దరి జీతాలు వస్తున్నాయి కాబట్టి మోయగలుగుతున్నాం. ఒక్క జీతంతో నడిచే ఇల్లయితే నేనే వద్దంటాను, ఆకుకూరలు తప్ప.

సెప్టెంబరు నుంచి బాక్స్‌లో రెండు రకాలు మార్చుకునే వీలు ఇచ్చారు. ఈ బుధవారం లిస్టు వచ్చింది, మొదటి వరుసలోనే సొరకాయ. దాని బదులు గోరుచిక్కుడు పెట్టబోతుంటే వెనక నుంచి అత్తయ్య, "ఉండనీ అమ్మాయ్, పిల్లలు ఆ సర్వపిండి అడుగుతున్నారు" అన్నారు. ముల్లంగి తీసేశాను.