ఆబిడ్స్ ఆదివారం బజారులో పాత చందమామలు

పాత చందమామ సంచికలు సేకరించేవారికి హైదరాబాదులో నేను నిస్సంకోచంగా సిఫారసు చేసే చోటు, ఆదివారం మూసి ఉన్న దుకాణాల ముందు ఆబిడ్స్ కాలిబాటల మీద పరుచుకునే పాత పుస్తకాల బజారు. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన ఈ పత్రిక తొలినాటి సంచికలు ఇక్కడ దొరకడం చాలా అరుదు. 1980ల తరువాతివి మాత్రం ఓపికగా గుట్టలు తిరగేస్తే కనిపిస్తాయి. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం నాటి సంచిక, అందులోనూ వడ్డాది పాపయ్య గీసిన ముఖచిత్రం చెక్కుచెదరకుండా ఉన్నది ఎదురైతే, ధర కాస్త ఎక్కువ చెప్పినా వదులుకోకూడదు; అట్ట మీది ఆ రంగుల నిండుదనం కంప్యూటరు తెర మీద చూస్తే తెలియదు.

కొనే ముందు నడిమి పుట తెరిచి పిన్నులను పరిశీలించాలి. తుప్పు కాగితంలోకి పాకి, పిన్ను చుట్టూ గోధుమరంగు మరక ఏర్పడి ఉంటే ఆ పుటలు త్వరలోనే ఊడిపోతాయి. వేరే సంచిక పుటలకు మంచి అట్ట తగిలించిన ప్రతిని ఒక అమ్మకందారు నాకు అంటగట్టబోయాడు కనుక, విషయసూచికను లోపలి కథలతో సరిచూసుకోవడం తప్పనిసరి. వానాకాలంలో చెమ్మ పట్టిన సరుకు ఎక్కువ. చలికాలంలో, జనం చేరకముందే వెళ్లడం మేలు.