ఆరేళ్లు వాడాక చేతి కండరాల మోడల్ గురించి నా రివ్యూ

ఫిజియో ఫస్ట్ ఇయర్లో కొన్నాను దీన్ని, ఇప్పుడు ప్రాక్టీస్ చేస్తూ పేషెంట్లకి చూపిస్తున్నాను, మధ్యలో ఆరేళ్లు గడిచాయి. భుజం నుంచి వేళ్ల కొసల దాకా మొత్తం చెయ్యి, స్టాండ్ మీద నిలబడి ఉంటుంది, కండరాలు ఏడు ముక్కలుగా ఊడొస్తాయి, ఆర్టరీలు ఎరుపు, వెయిన్లు నీలం, నరాలు పసుపు. బాక్స్ విప్పిన రోజే ఐదు స్టార్లు వేసే రివ్యూలు బోలెడు ఉంటాయి, నేనూ అవి చదివే కొన్నా, అందుకే పూర్తిగా వాడాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

కండరాల వరకు అయితే దీనికి వంక పెట్టలేం. బైసెప్స్ ముక్క తీస్తే కింద బ్రేకియాలిస్ కనిపిస్తుంది చూడండి, అక్కడే సగం పాఠం అయిపోతుంది. మోచేయి మడవడం అంటే అందరూ బైసెప్సే అనుకుంటాం, కండ చూపించమంటే పైకి లేచేది అదే కదా, కానీ మడిచే పని ఎక్కువగా చేసేది కింద దాక్కున్న ఈ బ్రేకియాలిస్సే. మరి బైసెప్స్ ఏం చేస్తుందయ్యా అంటే దాని టెండాన్, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, ఎక్కడికి పోతుందో వేలితో పట్టుకుని వెళ్ళండి, ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక లోపలి వైపు గడ్డలాంటి దాన్ని పట్టుకుని ఉంటుంది, అంటే అది బిగిస్తే ఆ ఎముక తిరుగుతుంది, అరచెయ్యి పైకొస్తుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు వాడే బలం అదే. పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కనిది ముక్క ఊడదీసి చూస్తే ఒక్కసారికే ఎక్కింది నాకు.

వెనక వైపు ఇంకా బాగుంటుంది. ట్రైసెప్స్ బయటి తల, అదే లాటరల్ హెడ్, ఊడదీస్తే కింద ఎముకని ఆనుకుని ఒక గాడిలో ఏటవాలుగా, మణికట్టుని ఎత్తించే రేడియల్ నర్వ్ పోతూ ఉంటుంది, పక్కనే ప్రొఫండా ఆర్టరీ. ఇంత లావు కండరాల మధ్య ఈ నరానికీ ఎముకకీ మధ్య మెత్త అనేదే లేదని కళ్లతో చూసిన రోజు, దండచేయి ఎముక మధ్యలో విరిగితే మణికట్టు ఎందుకు వేలాడిపోతుందో, కుర్చీ వెనక భాగం మీద చెయ్యి వేలాడేసి మత్తుగా నిద్రపోయినవాళ్లు పొద్దున్నే చెయ్యి ఎత్తలేక ఎందుకు కంగారుపడతారో ఒకేసారి అర్థమైంది. కాకపోతే ట్రైసెప్స్‌కి వెళ్లే కొమ్మల్లో చాలా వరకు ఆ గాడికి పైనే విడిపోతాయి, అందుకే అలాంటి పేషెంట్ మణికట్టు ఎత్తలేకపోయినా మోచేయి మాత్రం చాచగలడు, ఆ కొమ్మలు మోడల్లో ఒక్కటీ లేవు. నరం మొత్తం ఒకటే పసుపు తీగ.

ఇక్కడి నుంచి నా కంప్లైంట్లు. నరాలు, ఆర్టరీల దగ్గర ఈ మోడల్ నన్ను నిండా ముంచింది.

మీడియన్ నర్వ్ సంగతే తీసుకోండి. నిజం చేతిలో అది పైన బ్రేకియల్ ఆర్టరీకి, అంటే దండచేతిలోని పెద్ద ఆర్టరీకి, బయటి వైపు (ఒంటికి దూరంగా ఉండే వైపు) మొదలై, దండచేయి మధ్యలో ఆర్టరీని దాటుకుని, మోచేతి దగ్గరికి వచ్చేసరికి లోపలి వైపు ఉంటుంది. నా మోడల్లో ఆ దాటడం అనేదే లేదు, పైనుంచి కిందకి బయటి పక్కనే అతికించేశారు. నాకేం తెలుసు, రోజూ చూసేది దాన్నే కదా, వైవాలో, అదే నోటి పరీక్షలో, మోచేతి ముందు గుంటలో ఏది ఏ వరుసలో ఉంటుందని అడిగితే టెండాన్, నరం, ఆర్టరీ అని టకటకా చెప్పేశా. మేడమ్ కాసేపు నా మొహం చూసి, "ఎక్కడ చదివావు బాబూ ఇది" అన్నారు. మోడల్ మీద చూశాను మేడమ్ అన్నా. "మోడల్ సంగతి తర్వాత, నీకు చెయ్యి ఉందిగా, స్లీవ్ మడువు" అని, మోచేయి కాస్త వంచి అరచెయ్యి పైకి పెట్టించారు. తాడులా గట్టిగా తగిలేది బైసెప్స్ టెండాన్, దానికి లోపలి పక్కన వేలు నొక్కి పెడితే టిక్ టిక్‌మని కొట్టుకునేది ఆర్టరీ, బీపీ చూసేటప్పుడు స్టెత్ పెట్టేది అక్కడే, ఇంకాస్త లోపలి పక్కకి నరం, అది వేలికి తెలీదు. బయటి నుంచి లోపలికి టెండాన్, ఆర్టరీ, నరం, అంతే. అప్పటి నుంచి మోడల్ ముందు కూర్చుంటే ఒక చెయ్యి దాని మీద, ఇంకో చెయ్యి నా చేతి మీద.

ఇలాంటివే ఇంకొన్ని. మస్క్యులోక్యుటేనియస్ నర్వ్ కొరాకోబ్రేకియాలిస్ కండరాన్ని చీల్చుకుని లోపలికి పోవాలి, ఇందులో కండరం పైన రంగు గీత గీసి వదిలేశారు. మణికట్టు దగ్గర కార్పల్ టనల్ అనే ఇరుకు సొరంగంలో తొమ్మిది టెండాన్లు, ఒక మీడియన్ నర్వ్, మొత్తం పది పట్టాలి, నేను లెక్కపెడితే టెండాన్లు నాలుగే వచ్చాయి, మిగతాదంతా ముద్ద. అంత ఇరుకులో పది ఇరుక్కున్నాయని కనిపిస్తేనే కదా కాస్త వాపొచ్చినా నరం ఎందుకు నలుగుతుందో పేషెంట్‌కి అర్థమయ్యేది. ఇక పాల్మారిస్ లాంగస్ అనే ముంజేతి సన్న కండరం అయితే ఠీవిగా ఉంటుంది మోడల్లో, నా ఎడం చేతికి అసలది లేనేలేదు. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కొంచెం వంచి చూడండి, మధ్యలో తీగలా లేస్తే ఉన్నట్టు. వందలో సుమారు 15 మందికి ఉండదంటారు, జనాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది, లేకపోయినా పట్టు ఏమీ తగ్గదు కాబట్టి సర్జన్లు వేరే చోట టెండాన్ కావాలంటే ముందు దీని వైపే చూస్తారు.

పేషెంట్లకి చూపించడానికి మాత్రం బ్రహ్మాండం, అది ఒప్పుకోవాలి. మన వాడుకలో సిర నరమే, టెండాన్ నరమే, నర్వ్ కూడా నరమే, "నరం పట్టేసిందండీ" అని వస్తారు, ఏ నరమో తేలేసరికి అరగంట. ఇప్పుడు మోడల్ ముందు పెట్టి ఎరుపా నీలమా పసుపా అంటాను, అసలు నొప్పి పుట్టేది కండరం దగ్గరని వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు చాలాసార్లు.

మన్నిక పర్లేదు. మూడో ఏడాది బైసెప్స్ ముక్క పిన్ను విరిగింది, గమ్ముతో అతికించా, అప్పటి నుంచి కాస్త లూజు. మళ్లీ కొంటే మాగ్నెట్‌తో అతుక్కునే రకం తీసుకుంటా, అన్నిటికంటే ముందు మీడియన్ నర్వ్ ఆర్టరీని దాటుతోందో లేదో ఫోటో పెద్దది చేసి చూసి మరీ ఆర్డర్ పెడతా, మీరూ అదే చెయ్యండి. కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, ఎండకి నా మోడల్లో పసుపు వెలిసిపోయి నరాలన్నీ తెల్లగా టెండాన్లలా తయారయ్యాయి. మోచేతి లోపలి ఎముక వెనక అల్నార్ నర్వ్ దగ్గరైతే, గోడకి తగిలితే జివ్వుమనేది ఇక్కడే అని చెప్పగానే వచ్చిన ప్రతివాళ్లూ వేలు పెట్టి రుద్దడంతో రంగే పోయింది. చెల్లి దగ్గర పసుపు నెయిల్ పాలిష్ ఉంటే అడిగి రెండు కోటింగులు వేశా, బానే వచ్చింది, కాకపోతే అందులో తళుకు ఉందని ఆరాక తెలిసింది, ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఈ ఒక్క నరం ఎందుకండీ ఇలా మెరుస్తోంది అనే.