సొంత బ్లాగుకి బ్లాగర్: టపాలు భద్రమే, వ్యాఖ్యలతోనే తలనొప్పి

ఖర్చు లేకుండా బ్లాగు పెట్టుకుందాం అనుకునేవాళ్లకి ఇప్పటికీ ముందు తట్టే పేరు బ్లాగర్. 1999లో పైరా ల్యాబ్స్ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనేసింది. గూగుల్ తన సేవల్ని ఎన్నింటినో మూసేసినా దీని జోలికి రాలేదు. బాగుచెయ్యడానికి కూడా పెద్దగా వచ్చినట్టు కనపడదు, అది వేరే సంగతి.

రాసింది ఏళ్ల తరబడి పడి ఉండటానికి ఇంతకన్నా నిశ్చింత అయిన చోటు ఉచితంగా దొరకడం కష్టం. సర్వర్ అద్దె లేదు. సొంత హోస్టింగులో (అద్దె సర్వర్‌లో) వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాళ్లకి తప్పని ప్లగిన్ల (అదనపు హంగుల) అప్‌డేట్లు, డేటాబేసు గొడవ ఇక్కడ లేవు. ఒక టపాకి (బ్లాగు పోస్టుకి) ఉన్నట్టుండి జనం ఎగబడినా సైటు పడిపోదు. ఆరు నెలలు అటు తొంగిచూడకపోయినా పాత టపాలు వెతుకులాటలో వచ్చేవాళ్లకి కనపడుతూనే ఉంటాయి. బ్లాగు రాసేవాళ్లకి అసలు సంతోషం అక్కడే: రాసినరోజు ఎవరూ పట్టించుకోని టపా, మూడేళ్ల తర్వాత అదే విషయం వెతుక్కుంటున్న మనిషికి పనికొస్తుంది. ఫేస్‌బుక్ పోస్టుకి ఆ యోగం ఉండదు.

అయితే ఆ వెతుకులాటకి దొరకాలంటే చిరునామా సరిగ్గా ఉండాలి. తెలుగులో రాసేవాళ్లకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ దాన్ని చిరునామాగా మార్చలేక ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టేస్తుంది. అదే నెలలో రెండో టపా రాస్తే దాని పక్కన ఒక అంకె తగిలిస్తుంది. ఏ లంకె ఏ టపాదో చూసి చెప్పలేం. ప్రచురించే ముందు కుడిపక్క పెర్మలింకు (టపా చిరునామా) దగ్గర ‘కస్టమ్’ ఎంచుకుని, మూడు నాలుగు ఇంగ్లీషు మాటలు చిన్నక్షరాల్లో, మధ్యలో హైఫన్లతో రాయాలి. ప్రచురించాక మార్చాలంటే టపాని మళ్లీ చిత్తుప్రతిగా చెయ్యాలి, అప్పుడు పాత లంకె తెగిపోతుంది. దానికి సెట్టింగులలో ‘కస్టమ్ రీడైరెక్ట్స్’లో పాత దారి, కొత్త దారి ఇచ్చి ‘పర్మనెంట్’ ఆన్ చెయ్యాలి. వర్డ్‌ప్రెస్‌లో ఈ బాధ ఇంకో రూపంలో ఉంది. అది తెలుగు శీర్షికనే చిరునామాలో పెడుతుంది, కానీ లోపల ఒక్కో గుర్తుకి తొమ్మిది అక్షరాల సంకేతం పడుతుంది. ‘తెలుగు’ అన్న చిన్న మాటే గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు, అంటే 54 అక్షరాలు. మొత్తం పరిమితి 200 కాబట్టి 22 గుర్తుల తర్వాత శీర్షిక తెగిపోతుంది. ఎక్కడున్నా చిరునామా చేత్తో రాసుకోవడమే మేలు.

టపాల్ని విషయాలవారీగా వేరుచేసే లేబుళ్ల విషయంలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. లేబుల్ నొక్కితే వచ్చే పేజీలు ‘సెర్చ్’ అనే దారి కింద ఉంటాయి. బ్లాగర్ మామూలుగా ఇచ్చే రోబోట్స్ ఫైలు ఆ దారిలోకి రావద్దని సెర్చ్ ఇంజన్లకి చెబుతుంది. ఎంత పద్ధతిగా లేబుళ్లు పెట్టినా ఆ పేజీలు గూగుల్ ద్వారా పాఠకుల్ని తెచ్చిపెట్టవు. విషయసూచిక కావాలంటే విడిగా ఒక ‘పేజీ’ చేసి టపాల లంకెలు చేత్తో ఇవ్వాలి. విసుగు పనే, కానీ పాత టపాలకి ప్రాణం పోసేది అదే.

ఎడిటర్ దగ్గర ఓపిక కావాలి. వర్డ్ నుంచో వాట్సాప్ వెబ్ నుంచో తెచ్చి అతికిస్తే అక్కడి ఫాంటు, రంగు, వరుసల ఎడం అన్నీ వెంట వస్తాయి. అవి టపా లోపలే ఉండిపోతాయి కాబట్టి థీమ్ మార్చినా మారవు. నల్లటి థీమ్ పెట్టినరోజు పాత టపాల్లో నల్ల అక్షరాలు కనపడకుండా పోయేది అందుకే. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కి అతికిస్తే ఒట్టి అక్షరాలే వస్తాయి. థీమ్‌లలో వరుసల ఎడం రోమన్ లిపికి సరిపోయేట్టు ఉంటుంది, మన వత్తులు కింది వరుస గుడిదీర్ఘాలకి తగులుతుంటాయి. థీమ్, కస్టమైజ్, అడ్వాన్స్‌డ్, ‘యాడ్ సీఎస్ఎస్’ దాకా వెళ్లి పోస్ట్-బాడీ క్లాసుకి లైన్-హైట్ 1.8 ఇస్తే చదవడానికి హాయిగా ఉంటుంది.

ఎడిటర్‌లో క్షమించలేని లోపం, పాత ప్రతుల చరిత్ర లేకపోవడం. వర్డ్‌ప్రెస్ ప్రతి మార్పునీ దాచి ఉంచుతుంది. ఇక్కడ చిత్తుప్రతిలో పొరపాటున సగం చెరిపేశాక అది తనంతట తను సేవ్ అయిపోతే ఆ సగం పోయినట్టే. పెద్ద టపాలు వేరేచోట రాసుకుని ఇక్కడికి తేవాలి.

ఇక వ్యాఖ్యలు. ‘నేను రాసిన కామెంటు కనపడట్లేదు’ అన్న ఫిర్యాదు బ్లాగర్‌లో మామూలే. కారణాలు రెండు. టపా కిందనే పొదిగిన వ్యాఖ్యల పెట్టె నిజానికి బ్లాగర్ సైటు నుంచి వచ్చే ఫ్రేము. బ్రౌజరు మూడోపక్షం కుకీలని (చూస్తున్న సైటు కాక వేరే సైటు బ్రౌజరులో దాచుకునే గుర్తుల్ని) ఆపేస్తే గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉన్నా ఆ పెట్టె గుర్తుపట్టదు. సఫారీలో ఇది తరచుగా జరుగుతుంది. సెట్టింగులలో వ్యాఖ్యల చోటుని ‘ఎంబెడెడ్’ నుంచి ‘ఫుల్ పేజ్’ లేదా ‘పాపప్’కి మారిస్తే సమస్య తీరుతుంది. చూడటానికి అంత ముచ్చటగా ఉండదు, కానీ పనిచేస్తుంది. రెండోది, మంచి వ్యాఖ్యలు స్పామ్‌లో పడటం. వారానికోసారి వ్యాఖ్యల విభాగంలో స్పామ్ జాబితా చూడకపోతే, ఓపిగ్గా పెద్ద వ్యాఖ్య రాసిన మనిషి అలిగి వెళ్లిపోతారు. మోడరేషన్‌కి (వ్యాఖ్యల్ని చూసి అనుమతించడానికి) ‘సమ్‌టైమ్స్’ ఎంచుకుని 14 రోజులు పెట్టడం మధ్యేమార్గం: కొత్త టపా మీద చర్చ ఆగదు, అంతకన్నా పాతవాటి మీదికి వచ్చే ప్రకటనల చెత్త మన అనుమతి లేకుండా బయటికి రాదు. వ్యాఖ్యలో అచ్చుతప్పు పడితే దిద్దే వీలు రాసినవాళ్లకీ లేదు, బ్లాగు యజమానికీ లేదు. తీసేసి మళ్లీ రాయడమే.

డాష్‌బోర్డులో కనపడే వీక్షణల సంఖ్య చూసి పొంగిపోనక్కర్లేదు. అందులో మనుషులతోపాటు బాట్లూ (తమంతట తామే తిరిగే ప్రోగ్రాములూ) ఉంటాయి. ఒక్కరోజులో ఊరూ పేరూ లేని సైట్ల నుంచి వందలమంది వచ్చినట్టు చూపిస్తే వాళ్లు పాఠకులు కారు, ఆ లంకెలు నొక్కకూడదు కూడా. సొంత రాకపోకల్ని లెక్కించవద్దని విడిగా చెప్పాలి, అదీ బ్రౌజరు కుకీ మీదే ఆధారపడుతుంది, కుకీలు తుడిచేస్తే మళ్లీ చెప్పాలి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగుని చేర్చుకుంటే గూగుల్‌లో ఏ మాట వెతికి ఎంతమంది వచ్చారో తెలుస్తుంది. రాయడానికి పనికొచ్చే లెక్క అదొక్కటే.

చందాదారుల విషయంలో గూగుల్ రెండుసార్లు చెయ్యిచ్చింది. 2013 జులై 1న, రకరకాల బ్లాగుల కొత్త టపాలు ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్‌ని మూసేసింది, 2021 జులైలో ఈమెయిల్ చందా విడ్జెట్ ఆపేసింది. ఫీడ్ (కొత్త టపాల్ని అలాంటి రీడర్లకి అందించే లంకె) మాత్రం నిక్షేపంలా ఉంది. సైట్ ఫీడ్ సెట్టింగు ‘ఫుల్’లో ఉంచండి, ముక్క మాత్రమే ఇస్తే ఫీడ్ రీడర్‌లో చదివేవాళ్లు చాలామంది నొక్కరు.

సొంత డొమైన్ (మనం కొనుక్కున్న వెబ్ పేరు) తగిలించుకోవడం తేలిక. డొమైన్ అమ్మినవాళ్ల సైటులో, బ్లాగుకి దారి చూపే రికార్డులు పెట్టాలి: ‘డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు’కి ఒక సీనేమ్, బ్లాగర్ ఇచ్చే రెండో సీనేమ్, డొమైన్ ఒట్టిపేరుకి నాలుగు ‘ఏ’ రికార్డులు, ఆ తర్వాత బ్లాగర్ సెట్టింగులలో హెచ్‌టీటీపీఎస్ రెండు మీటలూ ఆన్. కాకపోతే అప్పటినుంచి పాత బ్లాగ్‌స్పాట్ చిరునామా కొత్తదానికి మళ్లిపోతుంది. డొమైన్ గడువు దాటిపోతే రెండు దారులూ మూసుకుపోయినట్టే. సెట్టింగులలో కస్టమ్ డొమైన్ తీసేస్తే పాత చిరునామా మళ్లీ తెరుచుకుంటుంది.

బ్యాకప్ ఫైలులో టపాలు, వ్యాఖ్యలు వస్తాయి, బొమ్మలు మాత్రం ఆ ఫైలులో లంకెలుగానే ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌కి మారి ఇక్కడి ఖాతా తీసేస్తే ఆ బొమ్మలు పోవచ్చు. థీమ్ బ్యాకప్ విడిగా తీసుకోవాలి. బ్లాగు పొరపాటున తొలగిస్తే 90 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఖాతాయే చేజారితే ఆ వీలూ లేదు కాబట్టి ‘పర్మిషన్స్’లో మీదే ఇంకో ఈమెయిల్‌ని చేర్చి, ఆహ్వానం ఒప్పుకున్నాక ‘అడ్మిన్’గా మార్చి పెట్టుకోండి.