మినమాటా బురద: తవ్వి పూడ్చాలా, బ్యాక్టీరియాకు వదలాలా?

‘పాదరసాన్ని తినేసే బ్యాక్టీరియా’ అన్న హెడ్డింగ్ చూస్తే నాకు చిరాకు. పాదరసం మూలకం. ఎవరు తిన్నా అది అరిగిపోదు, రూపం మార్చుకుంటుంది, అంతే.

జపాన్‌లోని మినమాటా అఖాతంలోకి చిస్సో రసాయన ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థజలాలు వదిలింది. చేపల ద్వారా మిథైల్ పాదరసం (కార్బన్‌తో ముడిపడిన, విషపూరితమైన పాదరసపు రూపం) జనం ఒంట్లోకి చేరి నరాలను దెబ్బతీసింది. ఈ జబ్బును 1956లో అధికారికంగా గుర్తించారు. మరి అడుగున పేరుకున్న బురద? 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25 భాగాలు), అంతకు మించి పాదరసం ఉన్న బురదను తవ్వడమో, ఉన్నచోటే పూడ్చడమో చేసి, పైన మంచి మట్టి కప్పారు. 1977 నుంచి 1990 దాకా పట్టింది. సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురద, 4,850 కోట్ల యెన్ల ఖర్చు. అక్కడ 58 హెక్టార్ల కొత్త నేల తేలింది.

తమాషా ఏమిటంటే, పాదరసాన్ని తట్టుకునే బాసిల్లస్ బ్యాక్టీరియా ఆ అఖాతపు బురదలోనే దొరికింది. దాని దగ్గర రెండు ఎంజైములున్నాయి. మెర్‌బి మిథైల్ పాదరసాన్ని విడగొడుతుంది. మెర్‌ఎ మిగిలిన పాదరసపు అయాన్‌ను (విద్యుదావేశమున్న పాదరసాన్ని) లోహపు పాదరసంగా మారుస్తుంది. అది ఆవిరై పైకి పోతుంది. అంటే బ్యాక్టీరియా తన ఇల్లు ఊడ్చుకుని చెత్తను వీధిలో పోస్తోందన్నమాట! గాలిలో కలిసిన పాదరసం ఎక్కడో మళ్ళీ నేలకు దిగాల్సిందే.

ఇంకో చిక్కు. ఆక్సిజన్ అందని బురదలో పాదరసం చాలావరకు గంధకంతో బిగిసి ఉంటుంది, ఈ ఎంజైములకు సులభంగా చిక్కదు. పైగా అక్కడే ఉండే సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియాల్లో కొన్ని తిరిగి మిథైల్ పాదరసం తయారుచేస్తుంటాయి. అందుకు కావలసిన జన్యువులను 2013లో కనుక్కున్నారు.

అందుకే అడుగు బురద విషయంలో నా ఓటు తవ్వకానికే. తవ్వేటప్పుడు బురద కదిలి నీళ్ళలో కలిసే ప్రమాదం ఉంది, భూకంపాల దేశంలో ఆ బురదను పూడ్చిన చోటును ఎప్పటికీ కనిపెట్టుకుని ఉండాలి, నిజమే. కానీ పాదరసం ఎక్కడుందో తెలుసు.

ఫ్యాక్టరీ గొట్టం దగ్గరైతే లెక్క వేరు. ట్యాంకులో ఇలాంటి బ్యాక్టీరియాను పెంచి వ్యర్థజలాలు పంపిస్తే, లోహంగా మారిన పాదరసం అందులోనే చిక్కుతుంది. జర్మనీలో క్లోర్-ఆల్కలీ (క్లోరిన్, కాస్టిక్ సోడా తయారుచేసే) ఫ్యాక్టరీల నీటితో ఇది చేసి చూపించారు. అక్కడ బ్యాక్టీరియాదే పైచేయి.

మినమాటాలో మాత్రం, కలుషితమైన చేపలు బయటి సముద్రంలోకి పోకుండా అఖాతానికి అడ్డంగా కట్టిన వలను తవ్వకం ముగిసిన ఏడేళ్ళకు, 1997లో గానీ తీయలేదు.