కిల్కెన్నీలో రెడ్ ఏల్: చల్లదనం తగ్గాకే అసలు రుచి

డబ్లిన్‌లో ఉంటూ రెడ్ ఏల్ అనే ఎర్రటి ఐరిష్ బీరు చాలాసార్లు తాగాను. దాని పేరు చెప్పగానే ఐరిష్ వాళ్లు తలచుకునే ఊరు కిల్కెన్నీకి మాత్రం మొన్న అక్టోబర్‌లోనే వెళ్లగలిగాను. హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నర ప్రయాణం. తాగడానికే వెళ్తున్నాం కాబట్టి కారు ఇంట్లోనే వదిలేయండి. స్టేషన్ నుంచి జాన్ స్ట్రీట్ మీదుగా నోర్ నది దాటితే కోట, పాత ఊరు, పబ్బులు అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి.

మొదట పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్మిడిక్స్ టూర్‌కి వెళ్లాను. ఆ పేరు స్పెల్లింగ్‌లో డబ్ల్యూ ఉంటుంది కానీ అక్కడ ఎవరూ పలకరు. జాన్ స్మిడిక్ 1710లో మొదలుపెట్టిన బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు ఇది. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం పక్కనే ఉండేది, ఆ మఠం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. 2013 చివర్లో ఇక్కడ బ్రూవరీ మూసేసి తయారీని డబ్లిన్‌కి మార్చారు. కాబట్టి ఉడుకుతున్న మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వాసన కోసం వెళ్లకండి, కథ కోసం వెళ్లండి. గంటసేపు గైడ్ ఎంతో ఇష్టంగా చెప్పింది. బార్లీ గింజలు చేతిలో పోసి నమలమంది. నాకు అక్కడే అసలు విషయం అర్థమైంది. మామూలు మాల్ట్ తియ్యగా, పేలపిండిలా ఉంది. నల్లగా వేయించిన బార్లీ కాఫీ గింజలా చేదుగా ఉంది. ఆ నల్ల గింజలు చాలా కొద్దిగా పడితే బీరుకి ఎరుపు వస్తుంది, ఎక్కువ పడితే స్టౌట్ అనే నల్లటి బీరు అయిపోతుంది. రెడ్ ఏల్ పనితనమంతా ఆ కొద్దిపాటి కొలతలోనే ఉంది.

చివర్లో ఇచ్చిన పైంట్‌ని (అర లీటరుకి కాస్త ఎక్కువ పట్టే గ్లాసు) వెంటనే తాగలేదు. గ్లాసుని కిటికీ వైపు పట్టుకుంటే పల్చటి డికాక్షన్‌లో దానిమ్మ రసం కలిపినట్టు మెరిసింది. మనవైపు బీరంటే పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండాలి, స్ట్రాంగ్‌గా ఉండాలి. ఆ అలవాటుతో తాగితే ఇది నీళ్లలా అనిపిస్తుంది, ఆల్కహాల్ 3.8 శాతమే మరి. పది నిమిషాలు ఆగితే ముందు బిస్కెట్ వాసన, తర్వాత ముదురు పాకం తీపి, మింగాక నాలుక మీద వేయించిన పప్పులాంటి పొడిదనం వస్తాయి. హాప్స్ అనే పూల నుంచి వచ్చే చేదు వెనకాలే ఉండిపోతుంది. నేను మార్కులు వేసేది ఆ చివరి పొడిదనానికే. అది లేకపోతే మిగిలేది పాకం నీళ్లే.

ఆ లెక్కలో నాకు బాగా నచ్చింది జాన్ స్ట్రీట్‌లోని సలివన్స్ ట్యాప్‌రూమ్‌లో తాగిన మాల్టింగ్స్ రెడ్ ఏల్. 1702 నాటి సలివన్స్ బ్రూవరీ పేరుని 2016లో మళ్లీ బతికించారు. ఇందులో మాల్ట్ ఇంకాస్త చిక్కగా ఉంది, తీపి నాలుకకి అంటుకోకుండా శుభ్రంగా ఆగిపోయింది. కట్టెల పొయ్యి మీద కాల్చిన పిజ్జా మాడిన అంచు దీనికి సరైన జోడీ. బార్‌లో అబ్బాయి ముందు రుచికి కొంచెం పోసిచ్చాడు. సగం పైంట్ కావాలంటే ఐర్లాండ్‌లో 'ఒక గ్లాస్' అంటే చాలని చెప్పాడు. రెండు మూడు రకాలు పోల్చుకోవాలంటే అదే మంచి కొలత. నైట్రోజన్‌తో పోసే కిల్కెన్నీ క్రీమ్ ఏల్ కూడా తాగాను. నురగ మీగడలా మెత్తగా ఉంది గానీ, నాకిష్టమైన ఆ పొడిదనాన్ని ఆ మెత్తదనమే కప్పేసింది. చేదు పడని వాళ్లకి మాత్రం దీన్నే ముందు చెప్తాను.

సాయంత్రం ఇంకో పబ్‌లో గ్లాసు ఎత్తగానే వెన్న వాసన గుప్పుమంది. ఏల్ పూర్తిగా పులియకపోయినా, ట్యాప్ పైపులు శుభ్రంగా లేకపోయినా ఈ వాసన రావచ్చు. మెల్లగా చెప్పాను. అక్కడామె వాసన చూసి, ఏమీ అనకుండా సారీ చెప్పి వేరే ట్యాప్ నుంచి పోసిచ్చింది. మొహమాటపడి బాగోలేని పైంట్ తాగేయకండి, చెప్తే మారుస్తారు.

బస దగ్గర మాత్రం పొరపాటు చేశాను. పబ్ పైనున్న గది చవగ్గా దొరికిందని శనివారం రాత్రికి బుక్ చేశాను. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్‌లో సోడా బ్రెడ్ వేడిగా పెట్టారు. కానీ కింద పాటలు ఒంటిగంట దాటినా ఆగలేదు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు కాస్త డబ్బు ఎక్కువైనా పబ్బులకి దూరంగా, కోట వెనక వీధుల్లో గది చూసుకోండి.

ఆదివారం రైలుకి ఇంకా రెండు గంటలుంటే మళ్లీ సలివన్స్‌కే వెళ్లాను. మధ్యాహ్నం జనం లేరు. ఒక్క గ్లాసే తీసుకుని, చల్లదనం పోయేదాకా పక్కన పెట్టి కూర్చున్నాను.